వంతు కర్ర

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒక కర్ర ఇంటింటికీ నడిచేది. నవ్వకండి, ఉన్నమాటే చెప్తున్నాను. ఇవాళ సాయంత్రం ఒక ఇంటి గుమ్మానికి ఆనించి ఉంటే, రేపు సాయంత్రానికి దాని పక్కింటి గుమ్మానికి చేరేది. అలా కింద వీధి అంతా తిరిగి, పై వీధికి ఎక్కి, చిట్టచివరి ఇంటి దాకా పోయి, మళ్ళీ మొదటి గుమ్మానికి వచ్చేది. ఒడియాలో దాన్ని ఠెంగా పాలి అంటారు. మేం వంతు కర్ర అనేవాళ్ళం. అది ఎవరి గుమ్మానికి ఆనితే మర్నాడు ఆ ఇంటి మనిషి దాన్ని పట్టుకుని కొండ కాపలాకి వెళ్ళాలి. గొడ్డలితో ఎవరైనా వస్తే వెనక్కి పంపాలి, మేకల్ని మళ్ళించాలి, పొద్దు గూకేలోగా దిగొచ్చి కర్రను పక్కింటి గుమ్మానికి ఆనించాలి. ఎవరూ పిలవక్కర్లేదు, గుర్తు చెయ్యక్కర్లేదు. గుమ్మం దగ్గర కర్ర కనిపించిందంటే అంతే.

ఆ కర్రను నేనొకసారి పొయ్యిలో పెట్టాను. ఆ సంగతే చెప్పబోతున్నాను. నాకు సంతకం పెట్టడం దాకే వచ్చు కాబట్టి నేను చెప్తుంటే నా కూతురు రాస్తోంది.

మా ఊరు ఒడిశాలో, రాయగడ దగ్గరి కొల్నార నుంచి లోపలికి, కొండ కాళ్ళ దగ్గర ఉంటుంది. కింద వీధిలో మేం, తెలుగు వాళ్ళం. మా ముత్తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వ్యవసాయానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పై వీధిలో కొందు జాతి వాళ్ళు. వాళ్ళు ఎప్పుడొచ్చారని ఎవరూ అడగరు, కొండ ఎప్పుడొచ్చిందో వాళ్ళూ అప్పుడే. మా అమ్మ కొత్తకోడలుగా వచ్చిన రోజుల్లో ఆ కొండ మీద గుగ్గిలం, మద్ది, ఇప్ప దట్టంగా ఉండి, మిట్టమధ్యాహ్నం కూడా ఎక్కాలంటే భయం వేసేదట. నాకు జ్ఞానం వచ్చేసరికి అది గొరిగించుకున్న గుండులా ఉండేది. లారీలు కొంత తీసుకుపోయాయి. మిగిలింది మేమే కొట్టుకున్నాం. పై వీధి వాళ్ళు మోపులు కట్టి నెత్తిన పెట్టుకుని రాయగడ వీధుల్లో అమ్మారు. మా వాళ్ళు ఎడ్లబళ్ళ మీద తోలారు. చెట్లు పోయాక కొండ మీంచి పారే గెడ్డలో నీళ్ళు శివరాత్రికే ఇంకిపోవడం మొదలైంది. ఒక ఏడాది పెద్దవానకు కొండ మీద నుంచి రాళ్ళు, ఎర్రమట్టి దొర్లుకొచ్చి మా వరిమళ్ళు రెండు కప్పేశాయి. మా నాన్న ఆ మళ్ళ గట్టు మీద కూర్చుని పొద్దంతా అలాగే ఉండిపోవడం నాకు గుర్తు.

ఆ ఏడే రెండు వీధులూ కూర్చుని మాట అనుకున్నారు. మూడు వానాకాలాలు గడిచేదాకా కొండ మీద పచ్చి పుల్ల విరవకూడదు. ఎండి రాలినవి మాత్రం వారానికొకరోజు ఏరుకోవచ్చు. కాపలాకి కర్ర వంతు. అంతా బాగానే ఉంది గానీ, పై వీధి కుర్రాడొకడు లేచి ముఖాన్నే అనేశాడు, "మేం నెత్తి మీద మోపు తెచ్చుకుంటే మీరు బండెడు తోలీసేరు. మీ మాట మాకు నమ్మకం నేదు. మీ ఈదిలో కర్ర ఎక్కడ ఆగిపోతే అక్కడితో సరి. మర్నాడు మా గొడ్డళ్ళు మేం తీసుకుంటాం." మా వాళ్ళు తల వంచుకుని ఒప్పుకున్నారు. అందుకే మా వీధిలో ఆ కర్ర అంటే దేవుడి బొమ్మ కంటే ఎక్కువ భయం.

ఆ కర్రను చేసింది పై వీధి తాతయ్య. లావు వెదురు గెడ, మనిషి భుజం ఎత్తు, అడుగున రోకలికి వేసినట్టు ఇనుప పొన్ను. ఆయన్ని మేం చాటుగా కుంటి తాత అనేవాళ్ళం. వయసులో ఉన్నప్పుడు లారీ వాళ్ళకి చెట్లు కొట్టే పనికి పోయి, పడుతున్న మద్దిచెట్టు కిందే కాలు పెట్టాడు. అప్పట్నుంచి నల్లటి తునికి కర్ర ఒకటి ఊతం. అది లేకుండా గుమ్మం దిగలేడు. తెలుగు మాలాగే మాట్లాడేవాడు. కోపం వస్తే మాత్రం వాళ్ళ కువి భాషలోకి వెళ్ళిపోయేవాడు. మేం పిల్లలం ఆ తిట్లు నేర్చుకుని ఒకళ్ళనొకళ్ళం తిట్టుకునేవాళ్ళం, అర్థం తెలీకుండానే.

నాకు తొమ్మిదేళ్ళుంటాయి. శ్రావణమాసం, నాలుగు రోజులుగా విడవకుండా వాన. మా అమ్మ తమ్ముణ్ణి కని ఐదో రోజు. ఆ మధ్యాహ్నం నుంచి అమ్మకు చలిజ్వరం పట్టుకుంది. మా నాన్న మందు కోసం రాయగడ వెళ్ళాడు. చూపు ఆనని మా మామ్మ పురిటి గదిలో అమ్మ పక్కన కూర్చుని, "నీళ్ళు మరగబెట్టి తే అమ్మీ, బేగి తే, పళ్ళు గిట్టకరిచీత్తంది" అని కేకేసింది. నేను పొయ్యి దగ్గరికి పోతే ఏముంది? చితుకులన్నీ తడిసిపోయాయి. పిడకలు పిండితే నీళ్ళు కారేట్టున్నాయి. ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబడ్డాయి, పొగ తప్ప మంట లేదు. పక్కింట్లో అడుగుదామంటే అందరి ఇళ్ళలో అదే పరిస్థితి. కొండకు పోయి పుల్ల తేవడానికి లేదు కదా.

నిప్పు కోసం ఏదైనా దొరుకుతుందేమో అని బయటికి వచ్చాను. చూరు కింద, తలుపు పక్కన, వంతు కర్ర ఆనించి ఉంది. పక్కింటి అత్త ఆ రోజు కాపలా చేసి అప్పుడే పెట్టి వెళ్ళింది. ఎన్నో చేతులు పట్టి, నూనె పీల్చి, నిగనిగలాడుతూ ఉంది. ఆ వానలో ఊరు మొత్తం మీద ఎండిన కర్ర అదొక్కటే అనిపించింది.

తెలియక చేశానంటే అబద్ధం. తెలిసే చేశాను. కాకపోతే మొత్తం కాల్చాలని కాదు. పై కొస ఒక జానెడు కాలుద్దాం, జానెడు తగ్గితే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. కొస పొయ్యిలో పెట్టాను. భగ్గున అంటుకుంది. అంత మంచి మంట నేను ఎప్పుడూ చూడలేదు. జానెడు అయిపోయింది, నీళ్ళు ఇంకా వేడెక్కలేదు. ఇంకో జానెడు తోశాను. మామ్మ లోపల్నుంచి మళ్ళీ కేకేసింది. ఇంకొంచెం తోశాను. సగం అయిపోయాక ఇంక దాచి మాత్రం ఏం లాభం అనిపించింది. నీళ్ళు తెర్లాయి. అమ్మకు తాగించాం, గుడ్డ ముంచి కాపడం పెట్టాం. కాసేపటికి చెమటలు పట్టి అమ్మ కళ్ళు మూసుకుంది. నేను వంటింట్లోకి వచ్చి చూస్తే పొయ్యిలో కర్ర లేదు. బొగ్గులు, బుగ్గి. అప్పుడు నాకు వణుకు పుట్టింది, అమ్మకు తగ్గిన వణుకంతా నాకు వచ్చినట్టు.

గెడ్డ పొంగి బస్సు ఆగిపోతే మా నాన్న నడిచి నడిచి తెల్లారేసరికి ఇల్లు చేరాడు. అమ్మకు మందు వేసి, తలకు కండువా చుట్టుకుని కాపలాకి బయల్దేరబోయి, గుమ్మం దగ్గర వెతుక్కున్నాడు. పక్కింటి గోడ మీదుగా అడిగాడు, "అక్కా, కర్రేదే? నిన్న నీ వంతు గదా?"

"ఏటి, కర్రేదా? నిన్న నాను మీ గుమ్మానికి ఆనించి పోలేదేటి? తడవకుండా సూరు కిందకి జరిపేను కూడాను."

"మరి నాకు కనపడ్నేదే."

"కనపడకపోతే నాను తినీసేనేటి?"

ఆ అత్త మా నాన్నకు వరసకు అక్క. పెద్ద నోరు, పెద్ద మనసు. కానీ ఆ పొద్దున్న ఆమె నోరు ఆమెకు కలిసిరాలేదు. అరుపులకు జనం వచ్చారు. కర్ర పోయిందట అన్న మాట పై వీధికి ఎక్కింది, వాళ్ళూ దిగారు. ఒకావిడ అంది, "కాపలాకెల్లిందో, కొండ మొదట్లో కూకుని పేలు సూసుకుందో, ఎవరు సూసేరు?" ఇంకొకడు, కర్ర కొండ మీదే పారేసి వానకు పరుగెత్తుకొచ్చి ఉంటుందన్నాడు. పై వీధి కుర్రాడు, ఆనాడు నమ్మకం లేదన్నవాడే, చేతులు కట్టుకుని ఏమీ అనకుండా నిలబడ్డాడు. ఆ ఊరుకోవడం చూసే మా వాళ్ళు ఎక్కువ భయపడ్డారు. అత్త తన పిల్లల మీద ఒట్టు పెట్టుకుంది. మా నాన్న కూడా ఆమె మాట నమ్మలేదు. "మర్సిపోయుంతావు అక్కా, ఒప్పుకో, ఎతుకుదాం" అన్నాడు. అత్త అప్పుడు నోరు మూసేసింది. ఎప్పుడూ మూయని నోరు. వానలో కొంగు తడిసిపోతున్నా తల మీదకు లాక్కోకుండా, అందరి మధ్యా ఒక్కర్తీ నిలబడింది.

నేను తలుపు వెనకాల ఉన్నాను. నాలుగు అడుగులు వేసి ఒక్క మాట చెప్తే అయిపోయేది. ఆ నాలుగు అడుగులూ నా వల్ల కాలేదు.

అప్పుడు తునికి కర్ర టకటకలాడించుకుంటూ పై వీధి తాతయ్య దిగొచ్చాడు. "ఏటి మీ గోల? మా ఈదిలో కోళ్ళు గుడ్లెట్టడం మానీసేయి మీ అరుపులకి" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆయన అందరి మాటలూ విన్నాడు. విని, చెవి వెనకాల పెట్టుకున్న చుట్ట తీసి, "సుట్టకి నిప్పు కావాల. బాలింత ఇంట్లో పొయ్యి ఆరదు గదా" అంటూ నేరుగా మా వంటింట్లోకి వచ్చేశాడు. ఇంట్లో అంత గొడవ అవుతుంటే ఈయనకు చుట్ట ఏమిటని మా నాన్న ముఖం చిట్లించాడు.

పొయ్యి ముందు కుంటికాలు చాపి కూర్చుని, పుల్లతో బుగ్గి కెలికాడు. ఏదో టంగుమంది. ఇనుప పొన్ను. కర్ర అంతా కాలిపోయినా ఇనుము కాలదు కదా, అది నాకు తట్టనే లేదు. ఆయన దాన్ని బయటికి లాగి, ఇంకా వేడిగా ఉందేమో, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ ఊదాడు. తర్వాత తలెత్తి తలుపు సందులో నన్ను చూశాడు. పొయ్యి పక్కన నీళ్ళు కాచిన తప్పేలా చూశాడు. పురిటి గది వైపు చూశాడు. పొన్ను గుప్పిట్లో మూసి, చుట్ట అంటించుకోకుండానే లేచి బయటికి వెళ్ళాడు.

"ఆ పాత కర్ర గురించేనా ఇంత రభస? అడుగున సీలిపోయింది అది. నాను సేసిన కర్ర, నానే తీసీసేను. నిన్న సాయంత్రం ఇటొచ్చి పట్టుకుపోయేను, మీకు సెప్పడం మర్సిపోయేను. ఇదుగో, ఇంక ఇదే వంతు కర్ర." అని తన తునికి కర్రను మా గుమ్మానికి ఆనించాడు. ఆనించి, గోడ పట్టుకుని నిలబడ్డాడు.

చూరు మీద నుంచి నీటిచుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది. అందరూ ఆ కర్రనే చూస్తున్నారు. పక్కింటి అత్త ఒకసారి మా వంటింటి వైపు చూసింది. ఆ తర్వాత ఆమె నోరు తిరిగొచ్చింది. "సెప్పి తియ్యొచ్చు గదయ్యా ముసలోడా! నా పరువు గంగలో కలిపీసేవు!"

"పరువుంటే పోనిచ్చుకోకు, నూనె రాసి దాసుకో" అన్నాడు ఆయన. అప్పుడు నవ్వారు అందరూ. పై వీధి కుర్రాడు కట్టుకున్న చేతులు విప్పాడు. మా నాన్న తునికి కర్ర తీసుకుని కొండకు బయల్దేరాడు. కర్ర ఆగలేదు.

జనం వెళ్ళిపోయాక తాతయ్య నన్ను పిలిచాడు. "అమ్మీ, ఇటు రా. నన్ను ఇంటికి దిగబెట్టు." చెయ్యి నా భుజం మీద వేశాడు. ఎంత బరువో ఆ చెయ్యి! రెండు అడుగులకొకసారి ఆగుతూ వీధి ఎక్కాం. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను.

"నీళ్ళు కాగేయా?" అని అడిగాడు.

తిడతాడనుకున్నాను. "కాగేయి తాతా."

"మీ అమ్మ తాగిందా?"

"తాగింది."

"మరైతే కర్ర కోసం ఏడవకు. కర్రన్నాక ఎప్పుడో ఒకప్పుడు కాల్తాది. మీ అత్త పొద్దున్నంతా వాన్లో ఒక్కర్తీ నిలబడింది సూడు, దానికి ఏడువు."

అత్తకి సెప్పీమంటావా తాతా అని అడిగాను. నేను చెప్పమనను, మానమనను, నీకు నోరొచ్చిన్నాడు చెప్పు అన్నాడు. వాళ్ళ గుమ్మం దగ్గర కూలబడి, పొన్ను నా చేతిలో పెట్టి, "దీనికి కర్ర నువ్వే పెంచాల. అందాకా నా కర్ర ఊరు తిరుగుతాది. నాకు కర్ర నువ్వే. రేపు పొద్దున్నే రా" అన్నాడు. కొండ మీద ఇంకో గెడ కొట్టుకోవచ్చు కదా అంటే, పచ్చి పుల్ల విరవకూడదన్న మాట పెట్టింది ఎవరనుకున్నావు అని కువిలో ఏదో తిట్టాడు. ఆ తిట్టు నాకు తెలుసు. మా స్నేహితురాల్ని రోజూ అనేదాన్ని.

అలా మూడు వానాకాలాలు నేను ఆయనకు కర్రనయ్యాను. పొద్దున్నే ఇంటిపని అయ్యాక వెళ్ళేదాన్ని. నా భుజం పట్టుకుని ఆయన కొండ ఎక్కేవాడు. కొండ మీద ఆయనకు తెలియని మోడు లేదు, ఎందుకంటే సగం ఆయన కొట్టినవే. ఒక్కో మోడు దగ్గర ఆగి చెప్పేవాడు. "ఇది మా పెద్దమ్మి పెళ్ళి. ఇది రెండు నెలల చోడి అంబలి. ఇది ఊరికే కొట్టేను, మా ఆవిడ మీద కోపంలో." ఆ చివరి దాని దగ్గర మాత్రం ఎక్కువసేపు కూర్చునేవాడు.

మోడు అంటే చచ్చిన చెట్టు అనుకునేదాన్ని నేను. కాదట. వేరు బతికే ఉంటుంది. మేకలు, కత్తులు దగ్గరికి రాకుండా ఉంటే దాని చుట్టూ పది పిలకలు లేస్తాయి. అన్నిటినీ వదిలేస్తే ఏదీ ఎదగదు. నిటారుగా ఉన్నవి ఒకటో రెండో ఉంచి మిగతావి చిన్నప్పుడే చేత్తో తీసెయ్యాలి, అది విరవడం కాదు, పెంచడం అనేవాడు. ఏది ఉంచాలో నన్ను ఎంచమనేవాడు. నేను తప్పు ఎంచితే నోటితో ఏమీ అనకుండా నా భుజం నొక్కేవాడు, నేను మళ్ళీ ఎంచేదాన్ని. ఖాళీ జాగాల్లో గింజలు పెట్టేవాళ్ళం. ఇప్పగింజ రాలగానే తడి ఆరకముందే నాటాలి, దాచుకుంటే పనికిరాదు. నేరేడు, ఉసిరి, పనస. గునపం ఆయన పోటేసేవాడు, గింజ నేను వేసేదాన్ని, ముళ్ళకంప ఇద్దరం కప్పేవాళ్ళం. వంతు వచ్చినవాళ్ళు మమ్మల్ని చూసి ఊరుకోలేక తామూ నాలుగు గింజలు పట్టుకురావడం మొదలుపెట్టారు. రెండో ఏటికి అదే వాడుక అయిపోయింది. కర్ర చేతిలో, గింజలు ఒళ్ళో.

గెడ్డ ఒడ్డున ఒక వెదురు పిలక నాటాం, పొన్ను కోసం. అది నా వెదురు. మొదటి ఏడు పురికొసంత పుల్లలు తప్ప ఏమీ రాలేదు. నాలుగో ఏటికి నా ముంజేయి లావు గెడలు వచ్చాయి. అప్పటికి మూడు వానాకాలాల గడువు తీరింది, కాపలా వంతు మాత్రం ఎవరూ మానలేదు. రెండు వీధులూ ఒప్పుకుంటే తాతయ్య స్వయంగా ఒక గెడ ఎంచి కోయించాడు. మంట సెగకు చూపి వంకర తీశాడు, నూనె పట్టించాడు. పొన్ను నేను తెచ్చి ఇచ్చాను. అన్నాళ్ళూ మా గోడ గూట్లో పసుపు గుడ్డలో దాచాను దాన్ని. అది సరిగ్గా పట్టింది.

ఆయన తునికి కర్ర ఆయనకు తిరిగి వచ్చింది. అన్ని ఇళ్ళ చేతులు తిరిగి అద్దంలా నునుపు తేలింది. దాన్ని పట్టుకుని నాలుగు అడుగులు వేసి, "అలవాటు తప్పిపోయింది. ఇది మాట్లాడదు" అని నన్ను చూసి నవ్వాడు. ఆ ఏడు గెడ్డలో ఉగాది దాటాక కూడా నీళ్ళున్నాయి. ఆయన మరుసటి వేసవి చూసి వెళ్ళిపోయాడు. కర్ర పక్కనే పెట్టి సాగనంపారు.

పక్కింటి అత్తకు మాత్రం నేను చెప్పలేదు. చెప్పాలని ఎన్నిసార్లు వెళ్ళానో! వెళ్ళిన ప్రతిసారీ ఆమె ఏదో ఒకటి తినడానికి పెట్టేది, నోటి నిండా అది పెట్టుకుని వచ్చేసేదాన్ని. తర్వాత ఆమె కొడుక్కే నన్నిచ్చి చేశారు. అత్త నిజంగానే అత్తయింది. అప్పుడు ఇంకా కష్టమైంది. వంతు కర్ర మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె ఆముదం రాస్తూ కూర్చునేది, నేను ఆ వైపు చూడకుండా చేటలో బియ్యం ఏరుకునేదాన్ని.

ఇద్దరు పిల్లలు పుట్టాక మా ఆయన జ్వరంతో పోయాడు. వారం రోజుల జ్వరం, అంతే. కర్మలన్నీ అయ్యాయి. బంధువులు వెళ్ళిపోయారు. ఇల్లు అలా ఉండిపోయింది. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని ఉన్నాను. వరసలో కర్ర మా ఇంటికి రావలసిన రోజు. మా ఇవతలి ఇంటివాళ్ళు కాపలా నుంచి వచ్చారు, కర్ర పట్టుకుని మా గుమ్మం ముందు నుంచే నడుచుకుంటూ వెళ్ళి, అవతల మా పుట్టింటి గుమ్మానికి ఆనించారు. నన్ను చూసి కూడా చూడనట్టు వెళ్ళారు.

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి వెళ్ళి ఆ కర్ర పట్టుకున్నాను. గొడవనుకుని జనం వచ్చారు. ఊరి పెద్ద ఒకాయన మెత్తగానే చెప్పాడు, "సిన్న పిల్లలున్నదానివి. మగోడు నేని ఇల్లు. నీ వంతు మేం సేసుకుంటాం అమ్మీ, నువ్వు ఇంటికాడుండు." దయతోనే అన్నాడు, ఆయన్ని తప్పు పట్టను. కానీ ఆ దయ నన్ను ఊళ్ళోంచి తీసేసినట్టే అనిపించింది. అప్పటి నా గొంతు ఎలా లేచిందో నాకే తెలీదు.

"నా మొగుడు పోయేడు. నా కొండ కూడా పోయిందేటి?"

అప్పుడు వెనకాల నుంచి మా అత్త ముందుకొచ్చింది. కొడుకు పోయినప్పట్నుంచి మంచం దిగని మనిషి, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని వచ్చింది. వచ్చి ఊరందరినీ చూసి అంది, "ఇవ్వండ్రా దానికి కర్ర. ఈపాలి పొయ్యిలో ఎట్టకుండా నాను కాపలా ఉంతాను."

తర్వాత ఊరంతా నవ్వింది. పై వీధి వాళ్ళు కూడా. ఆనాడు చేతులు కట్టుకుని నిలబడ్డ కుర్రాడికి అప్పటికి జుట్టు నెరుస్తోంది, వాడూ నవ్వాడు. నేను కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అందరికీ తెలుసు. తాతయ్య తన ఊతకర్ర మా గుమ్మానికి ఆనించిన ఆ పొద్దున్నే అందరికీ తెలిసిపోయింది. కుంటిమనిషి తన కాలు లాంటిది తీసి ఇస్తే ఎందుకిచ్చాడో పెద్దవాళ్ళకు తెలియదా? చూరు మీద నుంచి నీటిచుక్కలు పడుతున్నంతసేపూ ఊరుకున్నారే, అప్పుడే అందరూ కలిసి నన్ను వదిలేశారు. మా అత్త ఆయన్ని తిట్టిన తిట్లన్నీ నా మీద గొడుగు పట్టడమే. అన్నేళ్ళు నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్న బరువు ఊరు మొత్తం తలో చెయ్యి వేసి మోస్తూనే ఉంది.

ఆ రాత్రి అన్నాలు తినేటప్పుడు అత్త కాళ్ళ దగ్గర కూర్చుని, "నన్ను ఎన్నడూ అడగనేదేటత్తా?" అన్నాను. "నాను అడిగితే నువ్వు మళ్ళీ మా ఇంటికొచ్చి తింతావేటి?" అంది. అంతే. ఇంక ఆ సంగతి మా మధ్య రాలేదు. మర్నాడు పొద్దున్నే కర్ర పట్టుకుని కొండకు వెళ్ళాను. తాతయ్య కోపంతో కొట్టిన ఆ మోడు మీద మేం ఉంచిన పిలక అప్పటికి రెండు అరచేతులూ చుట్టి పట్టుకున్నా అందనంత లావైంది. దాని కింద కూర్చుని నా మొగుడి కోసం ఏడ్చాను, మొదటిసారి, ఎవరూ చూడకుండా.

ఇప్పుడు నా మోకాళ్ళు అరిగిపోయాయి. అయినా వంతు వదలను. మొన్న వానల్లో మా వీధి చివరి ఇంటి పిల్ల ఆదమరిచి నిద్రపోతే దాని మేకలు కొత్తగా నాటిన ఇప్పమొక్కలు ఒక వరస మేసేశాయి. ఆ పిల్లను తీసుకొచ్చి నా ముందు నిలబెట్టారు. వెక్కిళ్ళు పెడుతోంది. నా నోట్లోంచి తిట్టు వచ్చే లోపలే ఇంకో మాట వచ్చింది, "మేకలు కడుపు నిండా తిన్నాయా?"

ఆ పిల్ల వెక్కడం ఆపి బిత్తరపోయి చూసింది. తిన్నాయంది.

"మరైతే రా" అని దాని భుజం మీద చెయ్యి వేశాను.